పసుపు కాటుకపిట్ట

పసుపు కాటుకపిట్ట (శాస్త్రీయ నామం: మోటాసిల్లా ఫ్లావా) మోటాసిల్లిడే కుటుంబానికి చెందిన ఒక చిన్న వలస పక్షి. ఆంగ్లంలో దీనిని వెస్టర్న్ ఎల్లో వాగ్‌టెయిల్ అని పిలుస్తారు. ఐరోపా, మధ్య ఆసియా, పశ్చిమ సైబీరియాలలోని తడి పచ్చికబయళ్ళలో నేలమీద గూడు కట్టుకొని పిల్లలను పెంచి, శీతాకాలాన్ని ఆఫ్రికాలోను, దక్షిణాసియాలోను గడుపుతుంది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇది సుమారు సెప్టెంబరు నుండి ఏప్రిల్ వరకు ఉంటుంది. గోదావరి, కృష్ణా డెల్టాల వరి మాగాణులు, ఏలూరుకు దక్షిణాన ఉన్న కొల్లేరు సరస్సు అంచులు దీనికి అనువైన చోట్లు. పేరులో పసుపు ఉన్నప్పటికీ, ఇక్కడ గడిపే కాలంలో ఎక్కువ భాగం ఈ పక్షి అంత పసుపుగా ఉండదు. కనుక దీనిని రంగును బట్టి కంటె నడక, కూత, ముఖం మీది గీతలను బట్టి గుర్తించడం మేలు.

పేరు

ఖంజనము, ఖంజరీటము అనే సంస్కృత పదాలకు తెలుగు నిఘంటువులు కాటుకపిట్ట అని అర్థం చెబుతాయి. ఈ పేరు నలుపు తెలుపు రంగులు గల పక్షులకు అమరినంతగా పసుపుదానికి అమరదు. అయినా ఇవన్నీ మోటాసిల్లా అనే ఒకే ప్రజాతికి చెందినవి కావడం చేత ఉమ్మడిగా వాడదగిన పేరు ఇదే. కావ్యాలలో నాయిక కన్నులను ఖంజనములతో పోల్చడం పరిపాటి. క్షణమైనా నిలకడగా ఉండని పక్షి కాబట్టి చంచలమైన చూపుకు అది ఉపమానమైనది.

6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఖంజన దర్శనం వలన కలిగే ఫలాలకు ఒక అధ్యాయాన్ని కేటాయించాడు. అందులో ఖంజనములను రంగును బట్టి విభజించి, పసుపు రంగు దానికి గోపీతము అని పేరు చెప్పి, దాని దర్శనం క్లేశకరమన్నాడు. శకునం మాట ఎలా ఉన్నా, కొద్దిపాటి రంగు తేడాలను అంత పూర్వమే గమనించి పేర్లు పెట్టడం పక్షి పరిశీలన దృష్ట్యా విశేషమే.

ఆధునిక శాస్త్రంలో దీనికి పేరు పెట్టినవాడు స్వీడన్ దేశస్థుడైన కార్ల్ లిన్నేయస్ (1758). ఫ్లావా అనగా లాటిన్ భాషలో పసుపు రంగు గలది.

ఆకారం

ముక్కు కొస నుండి తోక కొస వరకు దీని పొడవు 15 నుండి 17 సెంటీమీటర్లు. బరువు సుమారు 17 గ్రాములు, అనగా నాలుగు చిన్న చెంచాల పంచదార బరువు. పొడవులో ఊరపిచ్చుకకు సాటి వచ్చినా శరీరం సన్నగా, కాళ్ళు పొడవుగా ఉంటాయి. కాళ్ళు నల్లనివి. వెనుక వేలి గోరు బాగా పొడవు. గడ్డి మీద, మెత్తని బురద మీద నడిచే పక్షికి ఇది ఉపయోగకరం. తోకలో అంచు ఈకలు తెల్లనివి కావడం వలన ఎగిరేటప్పుడు రెండు తెల్లని చారలు కనిపిస్తాయి.

దీని నడక చూస్తే చాలు, ఏ కుటుంబపు పక్షియో తెలిసిపోతుంది. పిచ్చుకవలె గెంతదు. ఒక కాలు తరువాత ఒకటి వేస్తూ చకచక నడుస్తుంది, అడుగడుగునా తల ఊగుతుంది, ఆగినప్పుడు తోక కిందికీ పైకీ ఆడుతుంది. పురుగు కనబడితే పరుగెత్తి, అవసరమైతే అడుగు ఎత్తున గాలిలోకి లేచి పట్టుకొంటుంది. ఎగిరేటప్పుడు నాలుగైదుసార్లు రెక్కలు కొట్టి, ముడుచుకొని కొంత కిందికి జారి, మళ్ళీ రెక్కలు కొడుతుంది. అందువల్ల దాని దారి గాలిలో అలలవలె సాగుతుంది. తోక ఆడించడానికి కారణంగా పక్షి శాస్త్రజ్ఞులు ఎక్కువగా చెప్పేది, తాను అప్రమత్తంగా ఉన్నానని వేటాడే జీవికి తెలియజేయడం.

సంతానోత్పత్తి కాలంలో మగపక్షి గొంతు నుండి తోక మూలం వరకు నిమ్మపండు పసుపుగా, వీపు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. ఆడపక్షి రంగులు పలుచన. సెప్టెంబరు, అక్టోబరులలో మన ప్రాంతానికి చేరే పక్షులు మాత్రం వెలిసిన రంగులతో ఉంటాయి. వాటిలో ఆ ఏడే పుట్టిన పిల్లలు కొన్ని దాదాపు బూడిద రంగులో, పొట్ట కింద తెల్లగా ఉండి, తోక మూలం కింద మాత్రమే కొంచెం పసుపు చూపుతాయి. జనవరి నుండి మార్చి వరకు తల, శరీరం మీది ఈకలు రాలి కొత్తవి వస్తాయి. ఏప్రిల్ నాటికి మగపక్షి పూర్తి రంగుతో ప్రయాణానికి సిద్ధమవుతుంది. నవంబరులో ఒకసారి, మార్చి చివర మరొకసారి మాత్రమే చూసినవారు ఇవి రెండు వేరు పక్షులనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే జాతి, పలు తలలు

ఈ జాతిలో అనేక ఉపజాతులున్నాయి. మగపక్షుల శరీరాలు అన్నిటిలోను దాదాపు ఒకటే, తలలు మాత్రం వేరు. స్కాండినేవియా నుండి వాయవ్య సైబీరియా వరకు గూడు కట్టే థన్‌బెర్గి ఉపజాతికి తల ముదురు బూడిద రంగు, చెక్కిళ్ళు దాదాపు నలుపు, కనుబొమ గీత ఉండదు లేదా లేనట్లే ఉంటుంది. ఉత్తర కజకస్తాన్, దక్షిణ సైబీరియా పచ్చికబయళ్ళ బీమా ఉపజాతికి తల లేత బూడిద రంగు, స్పష్టమైన తెల్లని కనుబొమ. వోల్గా నది దిగువ ప్రాంతం నుండి కజకస్తాన్ వరకు ఉండే ల్యూటియా మగపక్షికి తల కూడా పసుపే. బాల్కన్ దేశాల నుండి తుర్కియే, ఇరాన్ మీదుగా మధ్య ఆసియా వరకు వ్యాపించిన ఫెల్డెగ్ ఉపజాతికి నిగనిగలాడే నల్లని తల. భారత ద్వీపకల్పంలో శీతాకాలం గడిపే వాటిలో మొదటి రెండు ఎక్కువ, నల్లతల పక్షులు దేశపు వాయవ్య, పశ్చిమ భాగాలలో ఎక్కువ.

ఈ తేడాలు శాస్త్రజ్ఞులను చాలాకాలం తికమక పెట్టాయి. ఈశాన్య ఆసియాలోను, అలాస్కాలోను గూడు కట్టే పక్షులను కూడా పూర్వం ఇదే జాతిగా లెక్కించేవారు. మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. పరిశీలనలలో తూర్పు పక్షులు వేరు శాఖగా తేలడంతో, 2004లో అమెరికా పక్షి శాస్త్రజ్ఞుల సంఘం వాటిని మోటాసిల్లా చుచెన్సిస్ అనే ప్రత్యేక జాతిగా గుర్తించింది. భారతదేశంలో ఈ తూర్పు జాతి ప్రధానంగా అండమాన్ దీవులలోను, ఈశాన్య రాష్ట్రాలలోను కనబడుతుంది. ఎటుచూసినా తల రంగు బంధుత్వానికి నమ్మదగిన కొలమానం కాదన్నది ఈ చర్చ వలన తేలిన విషయం.

ఉపజాతిని మగపక్షిలో మార్చి, ఏప్రిల్ నెలలలోనే నిశ్చయంగా చెప్పవచ్చును. ఆడపక్షులకు, పిల్లలకు ఉపజాతి పేరు పెట్టడానికి ప్రయత్నించకపోవడమే ఉచితం.

పోలికగల పక్షులు

కొల్లేరు అంచున పసుపు రంగు కాటుకపిట్ట కనబడితే అది రెండు జాతులలో ఏదైనా కావచ్చు. రెండవది నిమ్మపండు రంగు కాటుకపిట్ట (మోటాసిల్లా సిట్రియోలా, సిట్రైన్ వాగ్‌టెయిల్). వేసవి రంగులలో ఉన్న మగపక్షిలో చిక్కు లేదు. తల మొత్తం పసుపుగా, మెడ వెనుక నల్లని పట్టీతో ఉంటుంది. దీని ఉపజాతులలో ఒకటి లడఖ్, కాశ్మీర్ లోయల తడి నేలలలో గూడు కడుతుంది, దానికి వీపంతా నలుపు. చిక్కు శీతాకాలంలోనే, అదీ పిల్లలతోనే.

అప్పుడు మొదట చూడవలసినది ముఖం. సిట్రియోలాలో కన్ను పైని లేత రంగు గీత చెక్కిలి వెనుకకు వంగి, చెవి భాగాన్ని చుట్టుముట్టి కిందికి దిగుతుంది. చెక్కిలి చుట్టూ ఒక చట్రం కట్టినట్లుంటుంది. ఫ్లావాలో ఈ గీత కన్ను వెనుకనే అంతమవుతుంది, చెక్కిలి ముదురుగా మెడతో కలిసిపోతుంది. రెండవది రెక్క. సిట్రియోలా రెక్క మీద రెండు వెడల్పైన తెల్లని పట్టీలుంటాయి, ఫ్లావాలో ఇవి సన్నగా, కొంచెం పసుపు కలిసి ఉంటాయి. మూడవది తోక మూలం కింది భాగం. అక్కడ పసుపు ఉంటే ఫ్లావా అనుకోవచ్చు, శుభ్రమైన తెలుపు ఉంటే సిట్రియోలా అనుకోవచ్చు. ఫ్లావా పిల్లలలో కింది ముక్కు మూలం తరచు లేత రంగులో ఉంటుంది, సిట్రియోలాలో ముక్కు అంతా నలుపే. వీటిలో ఏ ఒక్క లక్షణం మీదనే ఆధారపడి తీర్పు చెప్పరాదు. రెండు మూడు కలిస్తేనే నిర్ధారణ. వెలుతురు వెనుక నుండి పడుతున్నప్పుడు, బురద అంటిన పక్షిలో, పసుపు రంగు కనబడనే కనబడదు.

కూత కూడా సహాయపడుతుంది. ఎగిరేటప్పుడు ఫ్లావా మెత్తగా, సాగదీసి "ప్సీయ్" అన్నట్లు కూస్తుంది. సిట్రియోలా కూత పొట్టిగా, గరగరలాడుతూ ఉంటుంది. అయితే తూర్పు జాతి పసుపు కాటుకపిట్ట కూత కూడా గరుకే, కాబట్టి ఇక్కడా జాగ్రత్త అవసరం.

బూడిద రంగు కాటుకపిట్ట (మోటాసిల్లా సినేరియా) పొట్ట కింద పసుపుగా ఉన్నా, దాని చోటు వేరు. తూర్పు కనుమల సెలయేళ్ళ రాళ్ళ మీద దీనిని చూడవచ్చు, డెల్టా మాగాణిలో చూడడం అరుదు. తోక మరీ పొడవు, కాళ్ళు లేత రంగువి. తెల్ల కాటుకపిట్ట (మోటాసిల్లా ఆల్బా) కూడా శీతాకాలపు అతిథియే, కానీ దానిలో పసుపు ఉండదు. ఇక సంవత్సరమంతా మన చెరువు గట్ల మీద, కాలువ రేవులలో, ఇళ్ళ కప్పుల మీద తిరిగే పెద్ద నలుపు తెలుపు పక్షి తెల్లకనుబొమ కాటుకపిట్ట (మోటాసిల్లా మదరాస్‌పటెన్సిస్). చెన్నపట్నం పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. అది వలస పోదు. నీటికి దగ్గరగా గోడ సందులలో, వంతెనల కింద, కొన్నిసార్లు కట్టివేసిన పడవలలో కూడా గూడు పెడుతుంది. "మా ఊళ్ళో కాటుకపిట్ట ఎండాకాలంలో కూడా ఉంటుంది" అనేవారు చూసినది సాధారణంగా దీనినే.

కొల్లేరు ప్రాంతంలో

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న లోతు తక్కువ మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైనవి దీనిలోకి నీరు తెస్తాయి, ఉప్పుటేరు ద్వారా ఆ నీరు బంగాళాఖాతానికి పోతుంది. వర్షాకాలంలో విస్తరించి, వేసవికి కుంచించుకుపోయే సరస్సు కావడం వలన దీని చుట్టూ ఏటా పచ్చిక, బురద, పలుచని నీరు కలిసిన వెడల్పైన అంచు ఏర్పడేది. పసుపు కాటుకపిట్టకు కావలసినది సరస్సు కాదు, ఈ అంచు. ఆటపాకలో గూడబాతుల కోసం వచ్చే సందర్శకులు నీటివైపు చూస్తారు. ఈ పక్షి కోసం వెనక్కి తిరిగి గట్టు కింది గడ్డివైపు చూడవలసి ఉంటుంది.

ఏలూరు నుండి కైకలూరు పోయే దారిలో పెదఎడ్లగాడి వంతెన పరిసరాలు, కొల్లేటికోట, గుడివాకలంక వంటి లంక గ్రామాల చుట్టూ ఉన్న తడి నేలలు ఇటువంటి చోట్లే. సరస్సుకు దూరంగా తాడేపల్లిగూడెం, భీమడోలు, ఉంగుటూరు ప్రాంతాల వరి చేలలో కూడా దీనికి కావలసిన పరిస్థితులు ఏటా రెండుసార్లు ఏర్పడతాయి. నవంబరు, డిసెంబరులలో సార్వా కోసిన తరువాత తడి ఆరని కొయ్యకాళ్ళ మధ్య మొదటిది. దాళ్వాకు నీరు పెట్టి దమ్ము చేసేటప్పుడు రెండవది. దమ్ము చక్రాల ట్రాక్టరు మన్ను తిరగవేస్తూ పోతుంటే దాని వెనుక కొంగలు పెద్ద పురుగులను, కప్పలను ఏరుకొంటాయి. కాటుకపిట్టలు వాటి కాళ్ళ మధ్య తిరుగుతూ అవి వదిలివేసిన చిన్న ఈగలను, పేడపురుగులను, సాలెపురుగులను పట్టుకొంటాయి. ఊడ్పులు పూర్తయి పైరు దుబ్బుకట్టిన తరువాత ఇవి గట్ల మీదికి, పచ్చిక బీళ్ళలోకి మారతాయి.

పశువులతో దీని స్నేహం ప్రసిద్ధం. మేసే గేదె ముట్టె ముందు, కాళ్ళ పక్కన నడుస్తూ, గడ్డిలోంచి లేచే పురుగులను పట్టుకొంటుంది. గేదె ఒక్కో అడుగు వేయడం పక్షికి వెదికే శ్రమ తప్పిస్తుంది. ఆవులు, గేదెలు గుంపుగా మేసే చోట దుర్భిణి లేకుండానే ఈ పక్షిని నాలుగైదు గజాల దూరం నుండి చూడవచ్చును.

సాయంకాలం పగలంతా చెదిరి తిరిగిన పక్షులు ఒకచోటికి చేరతాయి. కిక్కిస, జమ్ము పెరిగిన నీటి చోట్లు, చెరకు తోటలు వీటి రాత్రి మకాములు. సూర్యాస్తమయానికి కొంత ముందుగా చిన్న చిన్న జట్లుగా వచ్చి, కూస్తూ పైన తిరిగి, చీకటి పడుతుండగా ఒక్కసారిగా దిగిపోతాయి. వానకోవెలలు కూడా ఇటువంటి చోట్లలోనే దిగుతాయి. నీటి మధ్య నిలిచిన కిక్కిసలోకి పిల్లి, నక్క రాలేవు.

వలస

ఏలూరు 81వ తూర్పు రేఖాంశానికి సమీపంలో ఉన్నది. సైబీరియాలోని నోవోసిబిర్స్క్ నగరం 83వ రేఖాంశం మీద, 55వ ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. బీమా ఉపజాతి గూడు కట్టే పచ్చికబయళ్ళు ఆ అక్షాంశాలలోనివే. రెండు చోట్ల మధ్య తిన్నగా కొలిచినా దూరం 4,200 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో హిమాలయాలు, టిబెట్ పీఠభూమి, ఎడారులు ఉన్నాయి. బయలుదేరే ముందు వారాలలో పక్షి ఎక్కువగా తిని, చర్మం కింద కొవ్వు నిలువ చేసుకొంటుంది. ఆహారం దొరకని భాగాలను దాటడానికి ఆ కొవ్వే ఇంధనం. మార్చి, ఏప్రిల్ నెలలలో కొల్లేరు గడ్డిలో దొరికే పురుగుల లెక్క ఈ ప్రయాణపు లెక్కలో భాగమే. మగపక్షులు సాధారణంగా ముందు బయలుదేరతాయి.

భారతదేశంలో వలస పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వాటి దారులు తెలుసుకొనే పనిని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సలీం అలీ నాయకత్వంలో 1960 దశకంలో పెద్ద ఎత్తున చేపట్టింది. రాత్రి మకాములలో వలలకు సులభంగా చిక్కే పక్షులు కాబట్టి కాటుకపిట్టలకు కూడా ఆ కార్యక్రమంలో ఉంగరాలు తొడిగారు.

గూడు

గూడు కట్టే కాలం మే నుండి జూలై వరకు. ఆడపక్షి గడ్డిదుబ్బు పక్కన నేలలో చిన్న గుంటను ఎంచుకొని, ఎండుగడ్డి, వేళ్ళతో గిన్నె ఆకారంలో గూడు అల్లి, లోపల వెంట్రుకలు, ఉన్ని పరుస్తుంది. సాధారణంగా 4 నుండి 6 గుడ్లు పెడుతుంది. లేత రంగు మీద గోధుమ రంగు చుక్కలు దట్టంగా ఉండడం వలన అవి నేలలో కలిసిపోతాయి. సుమారు రెండు వారాలకు పిల్లలు బయటికి వస్తాయి. తల్లి, తండ్రి రెండూ మేత తెస్తాయి. మరో రెండు వారాలు నిండకముందే, రెక్కలు పూర్తిగా రాకముందే, పిల్లలు గూడు విడిచి గడ్డిలోకి నడిచిపోతాయి. నేలమీది గూడుకు నక్క, కాకి, పశువుల గిట్టలు, గడ్డి కోసే యంత్రం అన్నీ ప్రమాదాలే. గూటిలో గడిపే రోజులు తక్కువ కావడానికి ఇదొక కారణంగా చెప్పవచ్చును.

ఈ జాతి ఆంధ్ర ప్రదేశ్‌లో గూడు కట్టదు. డెల్టా చేలగట్ల మీద గడ్డిలో దొరికే చుక్కల గుడ్ల గూళ్ళు సాధారణంగా ఇక్కడే ఉండే భరతపక్షులవి, లేదా ఇదే కుటుంబానికి చెందిన వరిచేను పిపిట్ (ఆంథస్ రుఫులస్) పక్షివి. ఈ పిపిట్ గోధుమ రంగులో, రొమ్ము మీద చారలతో ఉంటుంది. కాటుకపిట్టవలె నడుస్తుంది, కొద్దిగా తోక ఆడిస్తుంది. కనుక పరిశీలన కొత్తగా మొదలుపెట్టినవారు తరచు పొరబడతారు. గూడు అంటూ లేకుండా మట్టిగడ్డల మధ్య గుడ్లు ఉంటే అవి తీతువుపిట్టవి కావచ్చు.

స్థితి, ముప్పు

ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఈ జాతికి ప్రమాదం లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీనిని తక్కువ ఆందోళన గల జాతుల జాబితాలో ఉంచింది. కానీ తడి పచ్చికబయళ్ళను ఎండగట్టి దున్నిన చోటల్లా ఇది తగ్గిపోయింది. బ్రిటన్‌లో గూడు కట్టే ఉపజాతి ఇందువల్లనే 2009 నుండి అక్కడి ఎర్ర జాబితాలో ఉన్నది.

కొల్లేరులో మార్పు మరో విధంగా వచ్చింది. ఇక్కడ నేల ఎండలేదు, నీటి లోతు పెరిగింది. 1980 దశకం నుండి సరస్సు అంచులు, లోపలి భాగాలు కూడా చేపల చెరువులయ్యాయి. చేపల చెరువుకు నిటారైన గట్టు, గట్టు పక్కనే మనిషి లోతు నీరు ఉంటాయి. పలుచని నీరు, బురద, గడ్డి క్రమంగా కలిసే వాలు ఉండదు. ఈదే బాతుకు, మునిగి చేపను పట్టే నీటికాకికి ఈ చెరువు కొంతవరకు పనికి వస్తుంది. కాళ్ళతో నడిచి పురుగులు ఏరుకొనే పక్షికి మిగిలేది గట్టు పైభాగం ఒక్కటే. చేపలు పట్టడానికి చెరువు ఖాళీ చేసినప్పుడు బయటపడే అడుగు బురదలో కొద్ది రోజులు మంచి మేత దొరుకుతుంది, మళ్ళీ నీరు పెట్టగానే అది ముగుస్తుంది. పశువుల మేతకు వదిలిన బీళ్ళు తగ్గడం, వరిలో పురుగుమందుల వాడకం మిగిలిన కారణాలు.

ప్రభుత్వం 1999లో 5వ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2005-06లో జరిగిన ఆపరేషన్ కొల్లేరులో అభయారణ్యం లోపలి చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. తరువాతి సంవత్సరాలలో కొన్ని చోట్ల గట్లు మళ్ళీ లేచాయి. చెరువులే జీవనాధారమైన కుటుంబాల సమస్య కూడా దీనితో ముడిపడి ఉండడం వలన కాంటూరు హద్దుపై వివాదం చాలాకాలంగా నడుస్తున్నది. అభయారణ్యపు హద్దు ఎంతవరకు అనే ఈ చర్చలో ఎక్కువగా వినబడేది గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగల పేర్లు. కాంటూరు తగ్గితే మొదట పోయే భూమి మాత్రం పై అంచున ఉన్న పచ్చిక, అనగా కాటుకపిట్టలు నడిచే నేల.

ఈ పక్షిని చూడదలచినవారికి ఉదయం ఎండ ఎక్కక ముందు రెండు గంటలు, సాయంత్రం చివరి గంట అనుకూలం. సూర్యుని వీపు వెనుక ఉంచుకొని, పశువులు మేసే చోట కదలకుండా నిలబడితే పక్షులే దగ్గరకు వస్తాయి. ఒకే చోటిని నవంబరులో, జనవరిలో, మార్చి చివర మూడుసార్లు చూసి, ప్రతిసారీ ముఖం, రెక్క పట్టీలు, తోక మూలం కింది రంగు రాసి పెట్టుకొంటే, బూడిద పిట్టలు పసుపు పిట్టలుగా మారే క్రమం స్పష్టంగా తెలుస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకు ఆ చోట తెల్లకనుబొమ కాటుకపిట్ట మాత్రమే మిగులుతుంది.